నాన్న మోకాళ్లకి ఏ కారు నప్పుతుంది? డిక్కీలో బియ్యం బస్తా కూడా పట్టాలి

ఒంగోలు గిత్త:

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. పాత హ్యాచ్‌బ్యాక్ ఇచ్చేసి కొత్త కారు తీసుకుందామనుకుంటున్నాం. ఆన్‌రోడ్ 11 లక్షలు దాటకూడదు.

ఇంట్లో అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. ఆరుగురం కలిసి వెళ్లేది పండక్కే. అప్పుడు ఇంకో బండి మాట్లాడుకుంటాం కాబట్టి ఏడు సీట్ల కారు చెప్పకండి. నాన్నకి పోయిన ఏడాది రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. ఇప్పుడున్న కారు దిగాలంటే పైన పట్టీ పట్టుకుని వేలాడుతున్నారు. పైగా పంచె. పోనీ ఇంట్లోనే ఉండమంటే ఉండరు. అద్దంకి దగ్గర మా ఊళ్లో పొలం ఉంది, తరచూ వెళ్లాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తా, కొబ్బరికాయలు, మా అమ్మ సర్దే జాడీలు.

డిజైర్, వాగన్ ఆర్, పంచ్, ఎక్స్‌టర్ చూశాం. సేల్స్ కుర్రాళ్లు బండి దగ్గరికి వెళ్లగానే ముందు సన్‌రూఫ్ తెరిచి చూపిస్తున్నారు. మా పిల్లలు అక్కడే పడిపోయారు. నాకు డిజైర్ రూపం నచ్చింది. కాగితం మీద దాని డిక్కీ 382 లీటర్లు, వాగన్ ఆర్‌ది 341. అంటే సామానుకి డిజైరే మేలు కదా? సీఎన్‌జీ తీసుకుంటే ఏమైనా ఇబ్బందా?

రోజూ నడిపేవాళ్లు చెప్పండి. వీడియోలు చూసి విసుగొచ్చింది. స్క్రీన్ ఎన్ని అంగుళాలో అందరూ చెబుతారు, పెద్దాయన ఎలా దిగుతాడో ఒక్కడూ చెప్పడు.

టర్బో మియాపూర్:

డిజైర్ తీసుకో అన్నా, ఇంకో ఆలోచన వద్దు. 2024లో వచ్చిన కొత్త డిజైర్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో, అంటే కార్లని గుద్దించి భద్రతకి స్టార్లిచ్చే పరీక్షలో, 5 స్టార్లు వచ్చాయి. వాగన్ ఆర్‌కి 2023లో వచ్చింది ఒకటే స్టార్. తర్వాత ఎయిర్‌బ్యాగులు ఆరు చేశారు, మంచిదే. కానీ ఆ పరీక్షలో బాడీ షెల్, అంటే కారు ఇనుప గూడు, నిలకడగా లేదని కూడా రాశారు. ఎయిర్‌బ్యాగులు పెంచితే షెల్ మారదు కదా.

ఎత్తు కార్లు ఊళ్లో బాగుంటాయి. శ్రీశైలం ఘాట్‌లో మలుపు మలుపుకీ ఊగితే వెనక కూర్చున్నవాళ్లకి కడుపులో తిప్పేస్తుంది. మా హైదరాబాద్ చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు ఓఆర్‌ఆర్ మీద కుడి లైన్లలో 120 దాకా వెళ్లొచ్చు. ఆ స్పీడులో పక్కగాలి కొడితే డిజైర్‌లా డిక్కీ విడిగా ఉండే సెడాన్ కుదురుగా ఉంటుంది, వాగన్ ఆర్ లాంటి ఎత్తు కారు టాల్ బాయ్‌లో స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి. సన్‌రూఫ్ మాత్రం మర్చిపో. మే నెలలో ఒంగోల్లో దాన్ని ఎవరు తెరుస్తారు?

ఆటోనగర్ సూది:

తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో సీటు కవర్లు కుడతాను. మా నాన్న అంబాసిడర్ సీట్లకి స్ప్రింగులు మార్చేవాడు, నేను ఇప్పుడొచ్చే బండ్లకి రెగ్జిన్ వేస్తున్నాను. ఇంజిన్ గురించి నన్ను అడక్కు. సీటు పీకి బయట పెట్టి, తలుపులోంచి వంగి లోపలికి దూరి పని చేసేవాణ్ణి కాబట్టి, ఏ కారు తలుపు మనిషిని ఎంత తిప్పలు పెడుతుందో మాత్రం నా నడుముకి బాగా తెలుసు.

మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న డిక్కీ గురించి కాదు. నేల నుంచి సీటు అంచు దాకా ఎంత ఎత్తుంది? షోరూమ్‌కి టేపు పట్టుకెళ్లి కొలవండి, ఎవరూ ఏమీ అనరు. నాన్నగారిని ఇంట్లో ఆయన హాయిగా కూర్చుని లేచే కుర్చీ ఏదో చూపించమని, దాని ఎత్తు కూడా కొలవండి. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే సగం పని అయిపోయినట్టే. కూర్చున్నప్పుడు తుంటి మోకాలి కంటే కిందకి దిగిపోతే, లేవడానికి బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. మీ పాత కారులో ఆయన పట్టీకి వేలాడేది అందుకే. డిజైర్ మొత్తం ఎత్తు 1525 మిల్లీమీటర్లు, వాగన్ ఆర్ 1675. ఆ తేడాలో చాలా భాగం సీటు ఎత్తులోకీ, తల దగ్గర ఖాళీలోకీ వెళుతుంది. పంచ్ 1615, ఎక్స్‌టర్ 1631, ఈ రెండూ మధ్యలో ఉంటాయి.

రెండోది తలుపు కింద అంచు. నేను దాన్ని గడప అంటాను. సీటు సరైన ఎత్తులో ఉన్నా ఈ గడప ఎత్తుగా, వెడల్పుగా ఉంటే కాలు ఎత్తి దాటించాలి. ఎస్‌యూవీ రూపం కోసం నేల నుంచి పైకి లేపిన కార్లలో వచ్చే చిక్కు ఇదే. పంచ్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుక్కీ మధ్య ఖాళీ, 187 మిల్లీమీటర్లు. మీ ఊరి దారికి అది వరం, నాన్నగారి కాలికి కాదు. వాగన్ ఆర్‌లో కాలు ఎక్కువ ఎత్తకుండానే లోపలికి వెళ్లిపోతుంది. ఈ ఒక్క విషయంలో దాన్ని కొట్టే బండి మీ లిస్టులో లేదు.

కానీ పంచ్‌కి ఒక గొప్ప గుణం ఉంది. తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, అదే టాటా వాళ్ల ఆల్ట్రోజ్‌లో కూడా అంతే. మామూలు తలుపు సగం తెరిచి ఆగిపోతే మనిషి ఆ సందులోంచి పక్కకి వాలుతూ ఎక్కాలి. పూర్తిగా తెరుచుకుంటే సీటుకి వీపు పెట్టి నిలబడి, ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవచ్చు. మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లకి ఫిజియోథెరపీ వాళ్లు నేర్పేదీ అదే పద్ధతి. అలా తిరగాలంటే తలుపు పక్కన చోటుండాలి, కాబట్టి గోడ పక్కన బండి ఆపి నాన్నగారిని దింపకండి.

ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి. ముందు తలుపు వెనక దానికంటే వెడల్పు, సీటు వెనక్కి జరుగుతుంది. ఒక్క చిక్కేమిటంటే, ఈ ధరలో ఎత్తు పెంచుకునే లివర్ చాలావరకు డ్రైవర్ సీటుకే ఇస్తారు. పక్క సీటు కంపెనీ పెట్టిన ఎత్తులోనే ఉంటుంది. కొలిచేటప్పుడు ఎడమ సీటు కొలవండి. సేల్స్ వాళ్లు మిమ్మల్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి లివర్ పైకి లాగి మురిపిస్తారు.

ఇక డిక్కీ. లీటర్లు అంటే లోపల ఖాళీ ఎంతో చెబుతాయి, మూతి ఎంత తెరుచుకుంటుందో చెప్పవు. మన దేశంలో ఈ చిన్న సెడాన్ల తోక ఎందుకు తెగినట్టుంటుందో తెలుసా? 2006 బడ్జెట్‌లో 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు లేదా 1500 సీసీ లోపు డీజిల్ ఉంటే ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. 2008లో వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు. 2012లో దాన్ని 3995కి కోసేశారు. కోసింది ఎక్కడ? తోకలోనే. జీఎస్‌టీ వచ్చినా ఆ గీత పోలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ కొలతల్లోపు ఉంటే 18 శాతం, దాటితే 40. ఇంత తేడా పెట్టాక ఏ డిజైనర్ అయినా ముందు టేపే పట్టుకుంటాడు, పెన్సిలు తర్వాత.

అలా కోసినా కొత్త డిజైర్‌ని చూడ్డానికి సొంపుగానే చేశారు, ఒప్పుకుంటాను. కానీ వెనక అద్దానికీ డిక్కీ మూతకీ మధ్య చోటు తక్కువ, కాబట్టి మూతి ఇరుకు. సూట్‌కేసులు పడుకోబెట్టి తోస్తే వెళతాయి. బియ్యం బస్తా కూడా వెళుతుంది. నిలబెట్టాల్సిన వస్తువు వచ్చిందా, అయిపోయింది. వెనక సీటు మడవడానికి కూడా ఉండదు. వాగన్ ఆర్ లాంటి హ్యాచ్‌బ్యాక్‌లో ఆ 341 లీటర్లు సాధారణంగా పైన అట్ట దాకానే లెక్క. అట్ట తీసి ఇంట్లో పెడితే టాప్ దాకా మీదే. మా షాపుకి ఫోమ్ షీట్లు నేను వాగన్ ఆర్‌లోనే తెచ్చుకుంటాను, సెడాన్‌లో ఎవరైనా తెచ్చి చూపించమనండి.

సీఎన్‌జీ అంటే గ్యాస్ బండ కోసం డిక్కీ వదులుకోవడం. ఒకే పెద్ద బండ అయితే సామాను మాట మర్చిపోవాలి. టాటా వాళ్లు 2023లో ఆల్ట్రోజ్‌తో 30 లీటర్ల చిన్న బండలు రెండు పెట్టి, వాటి మీద బల్ల వేశారు. తర్వాత పంచ్‌కీ అదే పెట్టారు, 210 లీటర్లు మిగులుతుంది. తెలివైన పనే. కాకపోతే స్టెప్నీని బండి అడుగున తగిలించారు. వానలో పంక్చరైతే రోడ్డు మీద మోకాళ్లు ఆనించాల్సింది మీరే. మూడేళ్లకోసారి బండకి హైడ్రో టెస్టు, అంటే నీటి ఒత్తిడితో పరీక్ష, కూడా చేయించాలి. రోజూ తిరిగే పని లేకపోతే మీకు పెట్రోలే చాలు.

ఇంకో మాట. మన దేశంలో ఈ ధరలో మోకాళ్ల నొప్పులవాళ్లకీ సామానుకీ సరిపోయే తలుపు ఉన్నది మారుతి ఈకోకి. పక్కకి జరిగే తలుపు, గోడ పక్కనైనా తెరుచుకుంటుంది. కానీ స్కూలు బండి అనుకుంటారని ఇంటి కారుగా చాలామంది కొనరు. నేను చెప్పినా మీరూ కొనరు.

హన్మకొండ టీచర్:

సూది గారు గడప గురించి రాశారు కాబట్టి చీర కట్టుకుని రోజూ బడికి కారు నడిపే దాన్ని, నేనూ ఒకటి చెబుతాను. తలుపు మూసినప్పుడు దాని కింద భాగం గడపని పూర్తిగా కప్పుతుందా లేదా చూడండి. కప్పకపోతే వానాకాలంలో బురదంతా ఆ అంచుకి పడుతుంది. దిగేటప్పుడు చీర కుచ్చిళ్లు, మీ నాన్నగారి పంచె సరిగ్గా దాన్నే తుడుస్తాయి. ఏ రివ్యూలోనూ ఇది నాకు కనబడలేదు. రివ్యూలు చేసేవాళ్లంతా జీన్స్ వేసుకుంటారు మరి.

పిల్లలున్నారన్నారు. వెనక తలుపు హ్యాండిల్ ఎక్కడుందో చూడండి. స్టైల్ కోసం దాన్ని కిటికీ పక్కన నల్ల ప్లాస్టిక్‌లో పైన దాచేస్తే చిన్నపిల్లలకి అందదు, ప్రతిసారీ మనమే వెళ్లి తెరవాలి. 2018 స్విఫ్ట్‌లో అలాగే పెట్టారు. 2024లో వచ్చిన స్విఫ్ట్‌లో మళ్లీ మామూలుగా తలుపు మీదకి తెచ్చేశారు. వెనక కిటికీ గీత పైకి లేస్తూ వెళ్లే కార్లలో పిల్లలకి బయట ఆకాశం తప్ప ఏమీ కనబడదు. అప్పుడు సన్‌రూఫ్ కావాలంటే వాళ్ల తప్పేముంది?

ఏసీకి తిప్పే గుండ్రటి బటన్లు ఉన్నదే తీసుకోండి. ఇది నా మొండిపట్టు అనుకున్నా సరే. నున్నటి నల్ల టచ్ ప్యానెల్ మీద ఎండ పడితే ఏదీ కనబడదు, వేలు ఎక్కడ పెట్టామో చూసుకోవడానికి రోడ్డు మీంచి కళ్లు తీయాలి. కాజీపేట రైల్వే బ్రిడ్జి దగ్గర ఆటోల మధ్య అంత తీరిక నాకు లేదు. యూరప్‌లో కార్లకి స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్, వైపర్, హారన్, హజార్డ్ లైట్లు వంటి వాటికి విడిగా స్విచ్చులు లేకపోతే మార్కులు తగ్గిస్తోంది. పెద్ద స్క్రీన్ అంటే ఖరీదైన కారు అని మనకి నేర్పారు కానీ, కంపెనీకి బటన్లు చేయించడం కంటే అదే చవక.

టర్బో తమ్ముడు చెప్పిన స్టార్ల మాట మాత్రం కొట్టిపారేయకండి. పంచ్‌కి 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో పెద్దలకి 5, పిల్లలకి 4 వచ్చాయి.

ప్లేనో నుంచి:

టెక్సస్‌లో ఉంటాను, మీ లిస్టులో ఒక్క కారు కూడా నేను నడపలేదు. కానీ ఈకో గురించి చదివి నవ్వొచ్చింది. ఇక్కడ మన తెలుగువాళ్లు కూడా మొదట్లో మినీవ్యాన్ వద్దంటారు, ఎస్‌యూవీయే కావాలంటారు. ఇండియా నుంచి అమ్మానాన్నా వస్తారు. ఒకసారి వాళ్లని ఎత్తుగా ఉన్న ఎస్‌యూవీ ఎక్కించి దింపేసరికి ఇంటి ముందు టొయోటా సియెన్నానో హోండా ఒడిస్సీనో ప్రత్యక్షం. బటన్ నొక్కితే తలుపు పక్కకి జరుగుతుంది, గడప కింద ఉంటుంది, వెనక డిక్కీలో కాస్ట్‌కో అనే పెద్ద కొట్లో కొన్న సామానంతా పడుతుంది. చూడ్డానికి డబ్బాలా ఉంటుందని అన్నవాళ్లే రెండోసారి కూడా అదే కొంటున్నారు.

టర్బో మియాపూర్:

అందరూ కలిసి డిజైర్‌ని అంపశయ్య ఎక్కించారు. సరే, నాన్నగారి కోసం ఒప్పుకుంటా. కానీ అన్నా, కొనేముందు నీ టెస్ట్ డ్రైవ్‌లో వెనక ఇద్దరిని కూర్చోబెట్టి పెద్ద స్పీడ్ బ్రేకర్ ఎక్కించు. వాగన్ ఆర్ వెడల్పు 1620 మిల్లీమీటర్లే, వెనక ముగ్గురు పెద్దవాళ్లంటే భుజాలు ఒకటి ముందు ఒకటి వెనక పెట్టుకోవాలి. పంచ్ 1742, అక్కడ కాస్త నయం.

ఒంగోలు గిత్త:

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. టేపు తీసుకునే వెళ్లాను. నాన్నని పంచెలోనే తీసుకెళ్లాను. డిజైర్‌లో కూర్చున్నారు కానీ దిగమంటే నా చెయ్యి అడిగారు. బయటికొచ్చి "బండి అందంగా ఉంది, నువ్వు తిరుగు" అన్నారు. అక్కడితో ఆ ముచ్చట తీరింది.

వాగన్ ఆర్‌లో సూది అన్న చెప్పినట్టే, ఎవరి సాయమూ లేకుండా ఎక్కి దిగారు. పంచ్‌లో మొదట మామూలుగా కాలు లోపల పెట్టబోతే గడపకి తగిలింది. తలుపు మొత్తం తెరిచి, వెనక్కి తిరిగి కూర్చుని కాళ్లు తిప్పుకోమంటే సులువుగా అయిపోయింది. హాస్పిటల్లో తనకి అదే నేర్పారని అప్పుడు చెబుతున్నారు! ఎక్స్‌టర్ కూడా బాగానే ఉంది, డిక్కీ 391 లీటర్లు. కానీ తలుపు అంతలా తెరుచుకోలేదు. పిల్లల్ని, స్టార్లని చూసుకుని పంచ్ పెట్రోల్ బుక్ చేశాం. సన్‌రూఫ్ లేని వేరియంట్. ఇంట్లో ఇద్దరు నాతో మాట్లాడటం లేదు.

డిక్కీ 366 లీటర్లు, అంచు మాత్రం కొంచెం ఎత్తు. బస్తా నేనే ఎత్తుతాను కాబట్టి పర్వాలేదు. టీచర్ గారూ, మీరు చెప్పినవన్నీ కూడా చూసుకున్నాను, థ్యాంక్స్.

సూది అన్నా, ఇంకో సందేహం. సీటు కవర్లు షోరూమ్ వాళ్లే వేస్తామంటున్నారు, మీ దగ్గరికి వచ్చి వేయించుకోవడం మంచిదా? నాన్న కోసం గుడ్డ సీటు ఉంచాలా, రెగ్జిన్ వేయించాలా?

ఆటోనగర్ సూది:

నా దగ్గరికే రమ్మంటే వ్యాపారం అంటారు. ఒంగోల్లోనే మంచి పనివాళ్లు ఉన్నారు, కానీ ఇవి చూసుకో తమ్ముడూ.

ముందుగా, నువ్వు బుక్ చేసిన వేరియంట్‌లో సైడ్ ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా? ఉంటే అవి ముందు సీట్ల వీపు భాగంలో, తలుపు వైపు దాక్కుని ఉంటాయి. అక్కడ ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ కనబడుతుంది. దాని మీద మామూలు కుట్టుతో మందపాటి కవర్ వేస్తే, అవసరమైన క్షణంలో అది చిరగదు, బ్యాగు బయటికి రాదు. అక్కడ తేలికగా తెగే దారంతో కుట్టాలి, లేదా ఆ భాగం తెరిచి వదిలేయాలి. కుట్టేవాణ్ణి ఇది అడుగు. వాడు "ఏం కాదు సార్" అంటే తాళాలు తీసుకుని వచ్చెయ్. వెనక సీటు సందులో పిల్లల సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటాయి, వాటిని కూడా కొందరు కవర్ కింద పాతిపెట్టేస్తారు. బెల్టు బకిల్స్ బయటికి ఉన్నాయో లేదో లాగి చూసుకో.

నాన్నగారికైతే ఎడమ సీటు ఒక్కదానికి నున్నటి రెగ్జిన్ మంచిది. గుడ్డ సీటు పంచెని పట్టేస్తుంది, కాళ్లు తిప్పేటప్పుడు మనిషి తిరుగుతాడు కానీ పంచె తిరగదు. నున్నగా ఉంటే బ్రేకు వేసినప్పుడు ముందుకి జారతారు కాబట్టి బెల్టు తప్పనిసరి. రంగు నలుపు వద్దు, ఎండలో నిలబెట్టిన బండిలో కూర్చోలేరు. లేత బూడిద రంగు వేయించు, మాసినా తడిగుడ్డతో పోతుంది. సీటు ఇంకాస్త ఎత్తు కావాలని అడిగితే కుషన్ కింద ఒక పొర గట్టి ఫోమ్ వేయొచ్చు, కానీ తొడల దగ్గర కాదు, వెనక తుంటి దగ్గర ఎక్కువ ఉండాలి. అయితే కింద సీటులో మనిషి కూర్చున్నాడో లేదో పసిగట్టి బెల్టు గుర్తుచేసే సెన్సర్ ఉంటుంది, దాని వైరు కదపకుండా చెయ్యమను.

షోరూమ్ వాళ్లు హెడ్‌రెస్టులకీ సీట్లకీ వేసిన ప్లాస్టిక్ సంచులు బండి ఇంటికి రాగానే పీకెయ్. కొందరు ఆరు నెలలు ఉంచుకుని, వాసన వస్తోందని నా దగ్గరికి వస్తారు.